మామ గుంటలో దీపం

మగ్గం గుంటలో వైన్ డ్రమ్ములు దించుదామన్నది నేనే. సోలాపూర్ ఎండల్లో తెల్ల వైన్‌కు చల్లదనం ఎక్కడినుంచి తేను? కుంఠా నాకాలోని మా ఇంట్లో చల్లగా ఉండేది ఆ గుంట ఒక్కటే. మా మామ రాజారాం బతుకంతా అందులో కాళ్లు పెట్టుకునే చీరలు నేశాడు. ఆయన పోయాక మగ్గం విప్పి, కాలితో తొక్కే చెక్కలతో సహా కట్టెంతా పొయ్యిలో పెట్టేశాను. మా ఆయన మంగేశ్ గుంటను మనిషి లోతుకు తవ్వించి, నిచ్చెన వేసి, ద్రాక్షరసం డ్రమ్ములు దించాడు. రసం అప్పుడే పొంగడం మొదలుపెట్టింది.

మా అత్త యల్లమ్మకు ఒక పట్టింపు. మామ పాదాలు ఆనిన చోట రోజూ సాయంత్రం దీపం ఉండాలి. తాడు కట్టి దించేది. డ్రమ్ములు వచ్చినప్పటినుంచి ఆ దీపం గుంట అంచు దాటగానే ఆరిపోతోంది. రెపరెపలాడి కాదు, ఎవరో వేళ్లతో నలిపినట్టు. పొగ కూడా పైకి రాదు. గుంటలోనే చాపలా పరుచుకుని కదలకుండా ఉంటుంది.

“మీ మామకు ఇది పసంద్ లేదు. డ్రమ్ములు తీయుండ్రి,” అంది అత్త.

“తీస్తే వైన్ పులుస్తది అత్తమ్మా! సాలంత చేసిన మెహనత్ మట్టిల కలుస్తది.”

“దీపం నిలిస్తె ఉంచుండ్రి. లేకుంటె రేపు పొద్దుగాల నేనే తీయిస్త.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వత్తి మార్చాను, నూనె మార్చాను, గాలి తగలకుండా కిటికీ మూశాను. అయినా ఆరింది.

“ఏంది ఈ నాటకం! నేనే దిగి వెలిగిస్త. ఎవరు ఆర్పుతరో చూస్త!” అంటూ అగ్గిపెట్టె నడుముకు దోపుకున్నాను.

“నక్కో శారదా, దిగకు బిడ్డా!” అత్త కొంగు పట్టుకుంది. విదిలించుకుని దిగాను.

అడుగున అగ్గిపుల్ల అంటుకోలేదు. ఇంకోటి గీశాను. ఊపిరి పీలిస్తే ముక్కు మండింది కానీ గాలి అందలేదు. మోకాళ్లు సడలిపోయాయి. నిచ్చెన చేతికి దొరకలేదు. అయ్యో, నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నా కుడికాలు ఒక చెక్కమీద ఆనింది. బరువుకు అది దిగింది. ఎడమకాలి కింద ఇంకోటి లేచింది. టక్, టక్ మని మగ్గం ఆడుతున్న చప్పుడు. ఒకటి దిగితే ఒకటి లేస్తూ నన్ను పైకి తెచ్చాయి. తల అంచు దాటగానే అత్త నా జుట్టు పట్టుకుంది.

చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన మంగేశ్ తల బాదుకున్నాడు. “రసం పొంగితె గ్యాస్ వస్తది, కిందనే కూసుంటది! దీపం ఆరిన కాడ మనిషి బతుకుతడా? ఖిడ్కీ సుత మూసినవా! నాకెందుకు చెప్పలేదే?”

దీపం ఆడవాళ్ల సంగతి. అతనికి ఎవరూ చెప్పలేదు.

పంకా పెట్టి గాలి తోలాక డ్రమ్ములు బయటికి తీశారు. లోపలికి చూశాను. నిచ్చెన కింద మట్టి తప్ప ఏ చెక్కా లేదు.

“నీళ్ల బిందె లేపలేని చేతులు ఇవి,” అంది అత్త, వణుకుతున్న వేళ్లు చూపిస్తూ. “నిన్ను లాగింది నేను కాదు బిడ్డా.”

వైన్ పులిసిపోయింది. పులవనీ. మంగేశ్ గుంట పూడుస్తానంటే, తట్టెడు మట్టి వేసినా ఊరుకోనన్నాను. ఇప్పుడు సాయంత్రం దీపం నేనే దించుతున్నాను. నిలకడగా వెలుగుతోంది.

తాడు వదిలేముందు మాత్రం రోజూ చెబుతాను: “మామా, జర కాళ్లు తీయి. దీపం వస్తున్నది.”