ఇంకొక్క ఫీజు

జనగామ పోలీస్ స్టేషన్‌లో ఆ రోజు ఒక్క హెడ్ కానిస్టేబులే మిగిలాడు. తక్కినవాళ్లంతా రైలు రోకో బందోబస్తుకు పట్టాల దగ్గరికి పోయారు. టీక్యా ఇచ్చిన కాగితాలను ఆయన నిలబడే తిరగేశాడు.

"పైసలు ఎవనికిచ్చినవ్?"

"బ్యాంకుల కట్టిన సార్. వాళ్లు చెప్పిన అకౌంటుకు."

"వాని మొఖం చూసినవా?"

"లేదు సార్."

"ఫోన్లనన్న మాట్లాడినవా?"

"లేదు సార్. అంత మెయిల్లనే."

"మొఖం లేనోణ్ని ఏడికెళ్లి పట్టుకొస్తమయ్యా? ఈ అకౌంటు ఏ రాష్ట్రంలదో ఏమో. సమ్మె అయిపోనీ. ఎస్సై సారున్నప్పుడు వచ్చి దరఖాస్తియ్యి."

"సమ్మె ఎప్పుడైతది సార్?"

ఆయన కాగితాలు తిరిగిచ్చేశాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు కదలడం లేదు, బడులు తెరవలేదు. దేవరుప్పుల అవతలి తండా నుంచి టీక్యా, అతని భార్య రుక్కి కొంత దూరం నడిచి, కొంత దూరం పత్తి ట్రాక్టరెక్కి వచ్చారు. రాగానే బ్యాంకుకు పోతే, టీక్యా కట్టిన డబ్బు కట్టిన రోజే ఎక్కడో దూరపు ఊళ్లో ఎవరో తీసేసుకున్నారని గుమాస్తా చెప్పాడు. తీసుకున్నవాడి పేరు చెప్పడానికి తనకు అధికారం లేదన్నాడు.

టీక్యా కంకర మిల్లులో కూలీ. రోజుకు నూటయాభై. ఆ దుమ్ముకు తండాలో ఇద్దరు దగ్గి దగ్గి మంచాన పడ్డారు. తనకూ దగ్గు మొదలైనప్పుడు గల్ఫ్ పోదామనుకున్నాడు. బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఫైజల్ అతనికి మెయిల్ తెరిచి పెట్టాడు. కనిపించిన ప్రకటనకల్లా దరఖాస్తు పంపాడు. ఫైజల్ డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం రాక, బావ పెట్టిన ఆ దుకాణంలో కూర్చున్నాడు.

వానాకాలం నడుమ జవాబు వచ్చింది. దోహాలో పెద్ద హోటల్, వంటింట్లో పని, నెలకు ముప్పై అయిదు వేలు, తిండీ వసతీ వాళ్లవే.

"ఇంటర్వ్యూ లేకుంటనే ఇచ్చిండ్రేంది?" అన్నాడు ఫైజల్ ఆ రోజు.

"గిన్నెలు తోమెటోణ్ని నన్నేం అడుగుతరు భాయ్?" అని టీక్యా నవ్వాడు. అదీ నిజమే అనిపించింది ఫైజల్‌కు.

మొదట వీసా ఫీజన్నారు. తర్వాత బీమా అన్నారు. ఆ పైన విమానం టికెట్. ప్రతిసారీ ఇదే ఆఖరుదని రాశారు. వీసాకు తండాలో చిట్టీ పాడారు. బీమాకు ఎడ్ల జత పోయింది. టికెట్‌కు మిల్లు మేస్త్రీ దగ్గర బయానా తీసుకున్నాడు. మొత్తం డెబ్బై వేలు.

దసరా వెళ్లిన మూడో నాడు టీక్యా కొత్త చొక్కా తొడుక్కుని, సంచి పట్టుకుని, జీపులో నాలుగింతలు కిరాయిచ్చి శంషాబాద్ విమానాశ్రయానికి పోయాడు. గేటు దగ్గర తుపాకీ జవాను అతని కాగితం చూసి లోపలి నుంచి ఒక అమ్మాయిని పిలిచాడు. "ఇది టికెట్ కాదండీ, ఈ నంబరుతో విమానమే లేదు" అందామె. మెల్లగానే చెప్పింది. వెనకున్నవాళ్లు సామాను బండ్లు తోసుకుంటూ అతని పక్క నుంచి లోపలికి పోయారు. సాయంత్రం దాకా అతను ఆ రోడ్డు పక్కనే కూర్చున్నాడు. తండాకు ఏ మొహంతో పోవాలో తెలియలేదు. తిరిగొచ్చాక రుక్కికీ ఫైజల్‌కూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

పోలీస్ స్టేషన్ నుంచి ఇద్దరూ ఫైజల్ దగ్గరికి వచ్చారు. కరెంటు లేదు. బొగ్గు బావులు ఆగిపోవడంతో ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియడం లేదు. ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటరే వెలుగుతోంది. ఫైజల్ వాళ్లకు స్టూళ్లు వేశాడు.

"అన్నా, నిన్న రాత్రి నీకింకో మెయిల్ వచ్చింది," అన్నాడు తటపటాయిస్తూ.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. ఇంటర్నెట్ మోసాల పరిహార శాఖ నుంచట. మోసగాళ్లు దొరికారట. టీక్యా డబ్బు రెండింతలు చేసి తిరిగి ఇస్తారట. అందుకు అయిదు వేలు ఫీజు ఈ సాయంత్రంలోగా కట్టాలి. కట్టకుంటే డబ్బు సర్కారులో కలిసిపోతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు.

టీక్యా లేచి నిలబడ్డాడు. వారం రోజుల తర్వాత అతని ముఖంలోకి రక్తం వచ్చినట్టయింది.

"కడుతనని రాయి భాయ్."

"జర ఆగన్నా. నీ పైసలు పోయినయని మనం ఎవరికి చెప్పినం?"

"ఇయ్యాల పోలీసోళ్లకు చెప్పినం గదా."

"గిది నిన్ననే వచ్చింది. నిన్నటికి నువ్వు, అక్క, నేను, మనకే తెల్సు."

"మరి వీళ్లకెట్ల ఎర్కైంది?"

"తీసుకున్నోనికి ఎర్కుంటది అన్నా."

ఫైజల్ తెర మీద, పంపినవాళ్ల అడ్రసున్న పై వరుస చూపించాడు. "సర్కారోళ్లు గిట్ల ఎవరైన తెరుసుకునే ముఫత్ మెయిల్లకెళ్లి రాయరు. ఎవరికి చెప్పొద్దంటుండు, సాయంత్రం దాటొద్దంటుండు. మనల్ని ఆలోచించుకోనిస్తలేడు. పనిచ్చెటోడు మన దగ్గర పైసలెందుకు అడుగుతడు? గిదంత నాకు మొన్ననే సమజైతే బాగుండు."

"అబద్ధమైతే పోయేది అయిదు వేలు," అన్నాడు టీక్యా నేల చూస్తూ. "నిజమైతే ఎడ్లొస్తయి."



టీక్యా భార్య వైపు చెయ్యి చాపాడు. భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసే రుక్కి తమ్ముడు కృష్ణ, తనూ సమ్మెలో ఉండి జీతం లేకున్నా, బియ్యానికని ఆరు వేలు పంపాడు. అవి ఆమె కొంగు ముడిలో ఉన్నాయి.

"ఇయ్య," కొంగు ముడి వెనక్కి లాక్కుంటూ అంది రుక్కి.

"ఇదొక్కటే రుక్కీ. ఇదే ఆఖరు."

"ఎడ్ల పగ్గాలు నేనే ఇప్పి ఇచ్చిన. గప్పుడు గూడ గిదే మాటన్నవ్. ఇయ్య."

"నా పైసలు నాకు రావద్దా?"

"నాకు గూడ రావాల్నని ఉన్నది. ఎడ్లు లేని కొట్టం దిక్కు చూస్తలేను నేను. అయినా ఇయ్య."

గొంతు పెంచలేదు. ఇన్నేళ్లలో అతను చెయ్యి చాపితే ఆమె కాదనడం అదే మొదటిసారి. అతనికి కోపం వచ్చింది, వెంటనే ఆ కోపం ఎవరి మీదో తెలియకుండా పోయింది. ఫైజల్ వైపు తిరిగాడు.

"నువ్వు రాయి. పైసలు నేను తెస్త. ఎట్లనో తెస్త."

ఫైజల్ కుర్చీలోంచి లేచి పక్కకు నిలబడ్డాడు. "నా చేతితోని ఇగ రాయనన్నా. మాఫ్ చెయ్యి."

బయట రోడ్డు మీద ఊరేగింపు వచ్చింది. డప్పుల మోతకు దుకాణం రేకులు అదిరాయి. జై తెలంగాణ అంటూ వందల గొంతులు ఒక్కసారిగా లేచి, రైల్వే గేటు వైపు సాగిపోతున్నాయి. రుక్కి కొంగు ముడి పిడికిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఏడుస్తోందో, ఊరేగింపు చూస్తోందో వెనక నుంచి తెలియలేదు.

జవాబు తనే రాద్దామని టీక్యా ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు. సంతకానికని నేర్చుకున్న తన పేరులోని ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. కంకర దుమ్ముతో పగిలిన వేలితో మొదటి అక్షరం నొక్కాడు. అది తెర మీద పడింది. రెండో అక్షరం కోసం మీటల మీద వెతుకుతూ ఉండిపోయాడు.