ఆయా పెట్టిన షరతు

పాప గుడ్డలు మడతపెడుతూ ఆమె లోలోపల షరతులు వల్లెవేసుకుంటోంది. పాలసీసా మరిగే నీళ్ళలో కడగాలి. పాప నిద్రపోతున్నా గది వదలకూడదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి తలుపు తీయకూడదు. ఆమెది కళ్ళాసుపత్రిలో వచ్చినవాళ్ళ చూపు పరీక్షించే ఉద్యోగం. సెలవు అయిపోవచ్చింది, సోమవారం మళ్ళీ చేరాలి. ఆ తలపు వచ్చినప్పుడల్లా పాప మంచం మీంచి దొర్లిపడినట్టు, పాలు కొరబోయి ఊపిరాడనట్టు, ఎవరో పాపని ఎత్తుకుని వీధి మలుపు తిరిగిపోయినట్టు, మెలకువగా ఉండగానే కళ్ళముందు ఆడుతున్నాయి.

"అంత భయమైతే మానెయ్. నీ జీతం లేకపోతే మనింట్లో పొయ్యి వెలగదా?" అన్నాడు భర్త.

"మాకు ఆయాలున్నారా? పిల్లల్ని పెంచలేదా?" అంది అత్తగారు. ఆవిడ ఉండేది పెద్దకొడుకు ఇంట్లో. ఆయాని చూడ్డానికని పనిగట్టుకుని వచ్చింది గానీ, మనవరాలిని ఒక్కపూట చూడమంటే ఆవిడకి నడుము పట్టేస్తుంది.

ఆయా చెప్పిన వేళకే వచ్చింది. నడివయసు మనిషి, మాట నెమ్మది. చేతులు కడుక్కుని పాపని ఎత్తుకుంది. కొత్త చేతుల్లోకి వెళితే చాలు ఇల్లెగరగొట్టే పాప, ఆమె భుజమ్మీద తల వాల్చేసింది. తల్లికి ప్రాణం కుదుటపడింది, ఆ వెనకే కాస్త కుళ్ళు కూడా పుట్టింది. షరతులన్నీ చెప్పింది. ప్రతిదానికీ "సరేనమ్మా" అంది ఆయా.

"సోఫాలో కూర్చోకూడదు. మా గ్లాసులు ముట్టుకోకూడదు," అని అత్తగారు అందుకుంది. పాప తల్లి సిగ్గుతో తల దించుకుంది. కాదని అనడానికి మాత్రం నోరు పెగల్లేదు.

"సరేనమ్మా. నాదీ ఒకటుంది," అంది ఆయా. "అయ్యగారు ఒక్కరే ఇంట్లో ఉండే రోజు నేను రాను. ఎవర్నీ అనడం లేదు. ఎక్కడ చేరినా ముందే చెప్పుకుంటాను."

భర్త వారంలో రెండు రోజులు ఇంటినుంచే పనిచేస్తాడు. ఇప్పుడూ లోపలి గదిలోనే ఉన్నాడు.

"చేరకముందే ఇంత పొగరా? మా వాడు ఆడమనిషిని తలెత్తి చూడడు," అంది అత్తగారు.

మా ఆయన అలాంటి మనిషి కాదని చెప్పబోయింది ఆమె. ఈలోగా ఆయనే బయటికొచ్చాడు. నవ్వుతున్నాడు గానీ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మా పాత వంటమ్మాయి నీకు తెలుసా? ఏం చెప్పింది నీతో?"

ఆయా తెల్లబోయింది. "ఏ వంటమ్మాయండీ?"

అత్తగారు కిటికీ వైపు తిరిగింది.

ఆ పిల్ల ఆమెకి కళ్ళకు కట్టింది. ఆయన మంచినీళ్ళకని వంటింట్లోకి వస్తే చాలు, గరిటె చేత్తో పట్టుకునే గోడకి అతుక్కుపోయేది. "ఏంటే అంత సిగ్గు?" అని తను నవ్వేది. ఉన్నట్టుండి ఒకరోజు మానేసింది. "పీడా పోయింది, కూరలో ఉప్పు వేయడం కూడా రాదు," అన్నాడాయన. ఆ పిల్ల మళ్ళీ ఫోను ఎత్తలేదు. అందరి చూపూ పరీక్షించే తను, అన్నీ తన కళ్ళముందే జరుగుతుంటే ఏం చూసింది? ఇన్నాళ్ళూ భయాలన్నీ వీధి వైపు నుంచే వస్తాయనుకుంది. లోపల గడియ వేసుకుని, ఇక ఫర్వాలేదని నిద్రపోయింది.

"ఇలాంటి మనిషి మనకొద్దు. పంపించెయ్," అన్నాడు భర్త.

ఆమె ఆయనని దాటుకుని వెళ్ళి ఆయా పక్కన నిలబడింది. పాప ఆదమరిచి నిద్రపోతోంది.

"సోమవారం నుంచి రండి," అంది.

"మరి అయ్యగారు ఇంట్లో ఉండే రోజులమ్మా?"

"ఆ రోజుల్లో మీరు రానక్కర్లేదు. మీ ఇల్లెక్కడో చెప్పండి. పాపనే తీసుకొచ్చి మీ దగ్గర దింపుతాను."