సెంటర్ స్పీకర్ విప్పిన రోజు

చెవులు పరీక్ష చేసే ఆవిడ కాగితం నా ముందుకు జరిపి, "మీ ఆవిడ చెవులు పోయిన ఏడాది ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. కొత్తగా తగ్గిందేమీ లేదు," అంది.

నా భార్య అప్పటికే బయటికి వెళ్లి చెప్పులు వేసుకుంటోంది. నేను ఎగిరి గంతేయాల్సిన మాట అది. గుండెల మీంచి బరువు దిగినట్టే అయింది కూడా, మెట్లు దిగడం మొదలుపెట్టేవరకూ. సగం మెట్లు దిగాక అనుమానం పట్టుకుంది. చెవులు అలాగే ఉంటే, నెల రోజులుగా ఇంట్లో సినిమా మాటలు ఎందుకు వినబడడం లేదు?

నా భార్య పన్నెండేళ్లు ఎంబ్రాయిడరీ మిషన్ల షెడ్డులో పనిచేసింది. ఆ రొద చెవుల్లోంచి సన్నటి శబ్దాలన్నీ ఊడ్చుకుపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఇబ్బంది లేదు. టీవీలో మాటలే ముద్దగా వినబడతాయి. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం సినిమా పెట్టుకుంటే, రెండు నిమిషాలకోసారి "ఏమన్నాడు?" అంటుంది, నేను చెబుతాను. ఒకసారి హంతకుడెవరో తప్పు చెప్పాను. సినిమా అయిపోయేదాకా నాతో మాట్లాడలేదు.

అందుకే స్పీకర్లు మార్చాలనుకున్నాను. నేను సోఫాలు కుట్టేవాడిని. షాపులో అద్దాల వెనక మెరిసే సెట్ కొనాలంటే ఆరు నెలల సంపాదన అక్కడే వదిలి రావాలి. మా బావమరిదికి సౌండ్ రిపేర్ షాపుంది. వాణ్ని అడిగితే నవ్వాడు.

"పేలుళ్లు వినడానికి డబ్బులు తగలేయకు, సోఫా బావా. మాటలు వచ్చేది మధ్య స్పీకర్లోంచి. ముందు దాన్ని బాగుచేద్దాం. మిగతావి నీ చేతిలో డబ్బు ఆడినప్పుడు చూద్దాం."

మూసేసిన ఓ చిన్న థియేటర్ సామాన్లలోంచి మంచి స్పీకర్ ఒకటి తెచ్చి, తను కొన్న ధరకే ఇచ్చాడు. దాని వెనక అయస్కాంతం రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. డబ్బా నేనే చేశాను. సోఫాలకు పోగా మిగిలిన ప్లైవుడ్, లోపల అదే సోఫా ఫోము, ముందు పల్చటి గుడ్డ. టీవీ కింద పెట్టి, మొదటి ఆదివారం సినిమా వేశాను. ఆమె ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ఎవడో జోకు వేస్తే నాకంటే ముందు నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో పది డబ్బాలైనా కొట్టేవాణ్ని.

వారం తిరక్కుండా బావమరిది వచ్చాడు. చెవి ఆనించి విని, లోపల సర్క్యూట్ కొంచెం సరిచేయాలని డబ్బా ఆటోలో వేసుకుపోయాడు. మూడో రోజు తెచ్చి, తనే వైర్లు బిగించాడు. ఆ ఆదివారం మళ్లీ మొదలైంది, "ఏమన్నాడు?"

సౌండ్ పెంచాను. పక్కింటివాళ్లు గోడ మీద కొట్టారు. రెండు రోజులకు బావమరిదిని మళ్లీ పిలిపించాను. నాకూ మాటలు కాస్త మసకబారినట్టే అనిపించింది, కానీ పనిచేసిన వాడే చెబుతున్నప్పుడు నేనెవర్ని? వాడు డబ్బా మీద చెయ్యివేసి, గొంతు తగ్గించి అన్నాడు, "స్పీకర్‌కి ఏం కాలేదు బావా. అక్క చెవులే ఇంకా తగ్గినట్టున్నాయి."

ఆమె తల వంచుకుని, "అవునేమో," అంది.

అప్పటినుంచి ఇంట్లో నా బతుకు మూగసైగలైంది. ఎదురుగా వెళ్లి, పెదాలు విడదీసి, చేతులు ఊపి మాట్లాడాను. వినికిడి మిషను పెట్టించాలని నిశ్చయించుకున్నాను. దానికి నా దగ్గర ఉన్న ఒకే దారి తోలు కుట్టే బరువైన మిషను అమ్మడం. అది పోతే పెద్ద సోఫాల పని పోయినట్టే, ఇక దిండు గలేబులు కుట్టుకోవాలి. కొనేవాడు వచ్చి చూసి, సోమవారం తీసుకెళ్తానన్నాడు. ఇవాళ శనివారం. చెవికి ఏ మిషను పెట్టాలో తెలుసుకుందామనే ఆమెను పరీక్షకు లాక్కొచ్చాను. అవసరం లేదని దారంతా గొణుగుతూనే వచ్చింది.

పరీక్ష అయ్యాక ఆమె కూరగాయలకని బజారు దగ్గర దిగిపోయింది. నేను ఇంటికొచ్చి డబ్బా బోర్లా తిప్పాను.

గుడ్డను చెక్కకు బిగించిన పిన్నులు నిటారుగా ఉన్నాయి.

నేను పిన్ను ఎప్పుడూ ఐమూలగా కొడతాను. నిటారుగా కొడితే ప్లైవుడ్ పొర చీలుతుంది. మా మేస్త్రి మొదటి నెలలోనే నా వేళ్లకు నేర్పిన పాఠం అది. ఇరవై ఏళ్లలో నా చేతి నుంచి నిటారు పిన్ను పడలేదు. గుడ్డ ఊడదీశాను. లోపల ఉన్నది థియేటర్ స్పీకర్ కాదు. అదే కొలత, కానీ రేకు చట్రం, బిళ్లంత అయస్కాంతం. ఒక చేత్తో ఎత్తితే గిన్నె మూతలా లేచింది.

దాన్ని సంచిలో వేసుకుని బావమరిది షాపుకు నడిచాను. వాడు ఏదో బోర్డుకు టంకం పెడుతున్నాడు. సంచిలోంచి తీసి వాడి ముందు పెట్టాను. చూశాడు. టంకం కడ్డీ స్టాండులో గుచ్చాడు. బుకాయించలేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. పెద్ద ఇంటి ఆర్డరట. రేపు అప్పగించాలనగా వాళ్ల సెట్లో ఒకటి కాలిపోయిందట. అలాంటిది ఎక్కడా దొరక్క నాది పెట్టేశాడట. ఇంకోటి దొరగ్గానే తెచ్చి బిగిద్దామనుకున్నాడట.

"ఆ మాట నాకు చెబితే ఏం పోయేదిరా?" అన్నాను. "సొంత అక్కను చెవిటిదాన్ని చేశావు. దానికోసం నేను కూడు పెట్టే మిషను అమ్ముకుంటున్నాను."

వాడు తల ఎత్తకుండా అన్నాడు.

"అక్కకి తెలుసు బావా."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. ఆ ఆదివారమే ఆమెకు తేడా తెలిసిపోయిందట. మర్నాడు షాపుకొచ్చి నిలదీసిందట. నాకు తెలిస్తే మళ్లీ గుమ్మం తొక్కనివ్వనని వీడు ఆమె కాళ్లు పట్టుకున్నాడట. నాలుగు వారాలు ఓపిక పట్టమన్నాడట. ఆమె పట్టింది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. "ఏమన్నాడు?" అన్న ప్రతిసారీ ఆమె ముఖం ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటూ వచ్చాను. ఎంత అమాయకంగా అడిగేది. నేను ఎంత ఓపిగ్గా చెప్పేవాణ్ని.

ఆమె హాల్లో కింద కూర్చుని బీన్స్ తరుగుతోంది. నేను విప్పి వదిలేసిన డబ్బా పక్కనే ఉంది.

"నీ తమ్ముడు చెప్పాడు," అన్నాను. గోడ వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అన్నాను.

"చెబుతాడని అనుకున్నాను."

"నాలుగు వారాలు. మిషను బేరం పెట్టినప్పుడైనా నీ నోరు పెగల్లేదా?"

కత్తి ఆగింది.

"ఆ సాయంత్రమే చెబుదామని వచ్చాను. తమ్ముడు ఏమైనా కానీ, మీ పని పోకూడదనుకున్నాను. మీరు వరండాలో మీ అక్కతో ఫోన్లో ఉన్నారు. నేను మీ వెనక గుమ్మంలో నిలబడ్డాను. తిరిగి నన్ను చూశారు. గొంతు తగ్గించలేదు."

నాకు నిజంగా గుర్తుకు రాలేదు. అక్కతో రోజూ ఏదో ఒకటి మాట్లాడతాను. "ఏమన్నాను?" అని అడిగాను.

ఆమె నా ముఖంలోకి చూస్తూ చెప్పింది. నా మాటలు, నా విరుపులు, మధ్యలో నేను వదిలే నిట్టూర్పుతో సహా.

"'దాని మీద ప్రేమతో అమ్ముతున్నాననుకుంటున్నావా అక్కా? ప్రతి మాటా రెండుసార్లు చెప్పలేక చస్తున్నాను. ముందే తెలిస్తే ఈ సంబంధం చేసుకునేవాణ్నే కాదు.'"

అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా అలాగే అన్నాను. ఒక్క అక్షరం కూడా పోలేదు.

కొనేవాడికి ఫోన్ చేయాలని జేబులో చెయ్యి పెట్టాను. ఫోన్ తీశాను, నంబరు నొక్కలేదు. ఆమె తరిగిన ముక్కలు పళ్లెంలోకి ఎత్తుకుని లేచింది.

"మిషను అమ్మకండి," అంది. "నాకు అన్నీ బాగానే వినబడుతున్నాయి."