ఆయనగారు బ్యాటరీ ఎంచిన వైనం

కారుకి బ్యాటరీ కొనడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? దుకాణానికి వెళ్లి, బండి పేరు చెప్పి, డబ్బిచ్చి బిగించుకు రావడమే. ఈ మాత్రం పనికి ఆమె మొగుడు నెల్లాళ్లుగా మీనమేషాలు లెక్కపెడుతున్నాడు.

ఆ మహానుభావుడు బీమా ఆఫీసులో గుమస్తా. కారు నడపడం రాదు గానీ బ్యాటరీల మీద ఉపన్యాసం దంచమంటే కంచం ముందు కూర్చుని చెయ్యి ఎండిపోయేదాకా దంచుతాడు. ఒకరోజు నీళ్లు పోసే రకమే మన్నుతుందంటాడు. మర్నాడు ఆ బాదరబందీ లేని రకం మేలంటాడు. ఆ మీదట ఆంపియర్లు, ఆ తరవాత తయారైన నెల. ప్లస్ కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా అని బానెట్ ఎత్తి ఫొటో తీసుకెళ్లి ఆఫీసంతా తిప్పాడట. అక్కడ ప్రతివాడూ ఒక పేరు చెప్పడం, ఈయన ప్రతి పేరుకీ ఒక వంక పెట్టడం. మావాడు ఏదీ తొందరపడి చెయ్యడని అత్తగారి మురిపెం ఒకటి. అదేదో ఘనకార్యమైనట్టు.

కారు ఆమెది. అక్క వాడి వదిలేసిన పాత తెల్లకారు. ఆమె ల్యాబులో పనిచేస్తుంది. తెల్లవారకముందే బయల్దేరి ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసుకురావాలి. పరగడుపున కళ్లలో ప్రాణాలు పెట్టుకుని ఎదురుచూస్తుంటారు షుగరు వాళ్లు. ఇక్కడేమో తాళం తిప్పితే టకటకమని చప్పుడే తప్ప ఇంజను కదలదు. కింది వాటాలో ఉండే డ్రాయింగు మాస్టారిని లేపాలి. ఆయన నిద్రకళ్లతో తన కారు పక్కకి తెచ్చి, వైర్లు తగిలించి, ఆమె బండిని లేపాలి. పాపం ఆయన ఏనాడూ విసుక్కోలేదు. అందుకే ఆమెకు మరీ తల కొట్టేసినట్టుండేది.

అలా లేచిన బండిని మళ్లీ ఆపడానికి లేదు. ఇంజను నడుస్తుండగానే వదిలేసి మెట్లెక్కడం, సూది గుచ్చి గొట్టం నింపుకుని పరుగున దిగడం. ఒకచోట ఒక పెద్దాయన, పెట్రోలు దండగవుతోందని జాలిపడి, చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పి కట్టేశాడు. ఆరోజు మిగతా ఇళ్లకి ఆమె చేరేసరికి జనం టిఫిన్లు చేసేసి, ఆమెను నానా మాటలూ అన్నారు. ల్యాబు యజమానురాలు పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ పని కారున్న ఇంకొకరికి ఇచ్చేస్తానని ముఖం మీదే చెప్పేసింది. పిల్లలు పెద్దయ్యేదాకా ఇంట్లో కూర్చుని, బతిమాలి, అలిగి, పోట్లాడి సంపాదించుకున్న పని అది.

ఆ సంగతి మొగుడితో చెప్పింది. తొందరపడి చెత్త కొంటే ఏడ్చేది మనమేనని, ఇంకో రెండు రకాలు చూడాలని, ఆయనగారు మజ్జిగ పోసుకుంటూ సెలవిచ్చారు.

తానే వెళ్లి కొనుక్కోవచ్చుగా అంటారేమో. నేను చూస్తాలే అని మొదటిరోజే ఆయన భుజాన వేసుకున్నాడు. కాదని కొంటే వారంపాటు ముఖం మాడ్చుకుంటాడు. ఎందుకూ కొరగాని మనిషి, పోనీ చెడ్డవాడు కాదు కదా అని ఆమె ఊరుకుంది. అక్క ఎగతాళి చేస్తే కూడా వెనకేసుకొచ్చింది. బుద్ధి తక్కువ పనే.

మర్నాడు మధ్యాహ్నం మాత్రం ఆమె మొగుడిని అడగలేదు. మాస్టారి చేత బండి లేపించుకుని, తిన్నగా మెయిన్‌రోడ్డు చివర బ్యాటరీల దుకాణం ముందు ఆపింది. గుమ్మం పక్కన పాత బ్యాటరీలు గుట్టగా పడున్నాయి. నేలంతా యాసిడ్ మరకలు. దుకాణదారు బానెట్ ఎత్తి చూసి, బీమా ఆఫీసాయన బండి కదా అని మూలనుంచి ఒక బ్యాటరీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదేనమ్మా. మీవారు ఫొటో చూపించి ఎప్పుడో ఎంచి వెళ్లారు. టీ తాగినంతసేపట్లో తేల్చేశారు."

ఎప్పుడని అడిగింది. బండి మొరాయించిన మొదటి వారమేనట. ఇంటికొచ్చి బిగిస్తానంటే వద్దన్నాడట.

"ఎందుకు వద్దన్నారు?"

అతను కాస్త నసిగాడు. "ఇప్పుడే తొందరేం లేదన్నారమ్మా. బండి కదలకపోతే మా ఆవిడ ఇంటిపట్టున ఉంటుంది అని నవ్వారు. సరదాకి అన్నారనుకున్నాను."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఆంపియర్లూ, ఆ నెలలూ, ఆ కుడీ ఎడమా అంతా నాటకం. తాను మాస్టారి తలుపు కొట్టిన ప్రతి పొద్దునా, ఆ మనిషి దుప్పటి కింద కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూనే ఉన్నాడన్నమాట. ఏదీ తేల్చుకోలేడని ఆమె ఇన్నాళ్లూ జాలిపడిన మనిషి అన్నీ ముందే తేల్చుకుని కూర్చున్నాడు.

బిగించాక బండి ఒక్క తిప్పుకే లేచింది. సాయంత్రం ఆయనగారు ఆఫీసునుంచి వస్తూ ఆమె ఎత్తి ఉంచిన బానెట్ కింద కొత్త బ్యాటరీ చూసి ఆగిపోయాడు. ఎన్ని ఆంపియర్లో చూశావా, నెల అడిగావా, నాతో చెప్పకుండా ఎవడో అంటగట్టింది తెచ్చావా అని మొదలుపెట్టాడు.

"మీరు ఎంచిందే," అంది ఆమె. "మొదటి వారంలోనే."

నువ్వు కష్టపడలేవనే కదా అని ఆయన ఏదో నీళ్లు నమిలాడు.

"మీరు చేతకానివారనుకున్నానండీ," అంది ఆమె బానెట్ మూస్తూ. "అదే నిజమైతే బాగుండేది."