ముత్యమ్మను అడగని ప్రశ్న

సంగారెడ్డి కోర్టు వరండాలో ప్రవీణ్‌కుమార్ పొద్దుటి నుంచి ఒకే మాట పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఒక్క ప్రశ్న, మేడం. ముత్యమ్మను బిస్వాల్‌తోని నీకేం సంబంధం అని అడుగుండ్రి. ఇగ ఆమె నోరు లేస్తదా?"

అతని వకీలు నిషితకు విసుగొచ్చింది. నల్లకోటు వేసుకుని తొమ్మిదేళ్లయినా విసుగు దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

"ఎవరు చూసిండ్రు?"

"అందరనుకుంటరు, మేడం."

"అందరు కోర్టుకు రారు. చూసినోళ్ల పేరు ఒక్కటి చెప్పు."

పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో ప్రవీణ్‌కుమార్ షిఫ్ట్ ఇన్‌చార్జి. పోయినేడు అక్కడ రియాక్టర్ పేలి, ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటర్ బిస్వాల్ చనిపోయాడు. వేడి పెరుగుతోందని బిస్వాల్ మొత్తుకున్నా ప్రవీణ్‌కుమార్ రియాక్టర్‌ను ఆపనివ్వలేదన్నది కేసు. ఆ మాట చెవులారా విన్నానన్నది ముత్యమ్మ ఒక్కతే. ఊరు చిట్కుల్, పని ప్యాకింగ్‌లో, భర్త పోయి పదేళ్లు. ఆమె సాక్ష్యం నిలిస్తే ఇతనికి జైలు తప్పదు.

"రోజు ఆయనకు డబ్బాల రొట్టెలు తెచ్చేది," అన్నాడు చివరికి.

"రొట్టె పెడితే సంబంధం అంటగడతవా?"

నిజానికి అడగడం కష్టమేం కాదు. ఆడమనిషి సాక్ష్యానికొస్తే ముందు ఆమె నడతను బయటికి గుంజడం కొందరు వకీళ్లకు పొద్దుటి చాయ్ ఎంత అలవాటో అంత అలవాటు. సరైన ఆధారం లేకుండా సాక్షి గుణం మీద ప్రశ్న వేయకూడదని చట్టమే చెబుతోంది. చెబితే మాత్రం వినేదెవరు? సాక్షి ఎంత గట్టిగా కాదన్నా, "ఫలానా వ్యక్తితో నాకు సంబంధం ఉందనడం నిజం కాదు" అని నిండు వాక్యం కాగితమెక్కుతుంది. ఆ నకలు చిట్కుల్ చేరడానికి ఎంతసేపు? జైలు భయంతో ఎదురుగా నిలబడ్డ ప్రవీణ్‌కుమార్‌ను చూసి, ఆ ప్రశ్న అడిగేద్దామని నిషితకు ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట వాస్తవం. దాన్ని అక్కడికక్కడే మింగేసి ఆమె లోపలికి నడిచింది.

ముత్యమ్మ బోనులో నిలబడింది. వెనక బెంచీ మీద ఆమె కొడుకు శ్రావణ్‌కుమార్ చేతులు కట్టుకుని, తల్లి వైపు చూడకుండా కూర్చున్నాడు. ముప్పై ఏళ్లవాడు, మూతి ముడుచుకుని ఉన్నాడు.

"మీరు నిలబడ్డ తలుపుకు, రియాక్టర్‌కు ఎంత దూరం?" అని నిషిత మొదలుపెట్టింది.

"ఇరవై అడుగులుంటది."

"అప్పుడు మిషన్లు నడుస్తున్నాయా?"

"నడుస్తున్నయ్."

"ఆ చప్పుడులో అన్ని మాటలూ వినబడ్డాయా?"

"అన్ని ఇనబడలే. 'ఆపకు' అన్నది ఇన్న. దేన్ని ఆపొద్దన్నడో నాకు తెల్వదు."

ప్రభుత్వ వకీలు మొహం మాడిపోయింది. నిషిత తన కక్షిదారు వాదనను సాక్షి ముందే ఉంచింది. ఆమె బదులు చెప్పుకునే వీలు లేకుండా తర్వాతెప్పుడో జడ్జికి చెప్పడం న్యాయం కాదు.

"చల్లబరిచే నీళ్లను ఆపొద్దని ప్రవీణ్‌కుమార్ చెప్పారంటున్నాను. మీరేమంటారు?"

"కావచ్చు, కాకపోవచ్చు బిడ్డా. నేను ఇన్నంతే చెప్పిన."

"ఇంక ప్రశ్నలు లేవు," అని నిషిత కూర్చుంది.

వరండాలోకి రాగానే ప్రవీణ్‌కుమార్ అందుకున్నాడు. "అసలుది అడగనే అడగకపోతిరి." ఆమె బదులిచ్చేలోగా ముత్యమ్మ తిన్నగా వాళ్ల దగ్గరికే వచ్చింది.

"ఏం వకీలమ్మా, అది అడగకపోతివి?"

"ఏదమ్మా?"

"బిస్వాల్ ముచ్చట. నువ్వు అడుగుతవని కంపెనీల అందరన్నరు. గందుకే కొడుకును బతిమాలి తోల్కొచ్చిన. ఎనిమిది నెలలాయె, వాడు నాతోని మాట్లాడక. ఎనక అందరు అంటరు గని, మొకం మీద అడిగినోళ్లు లేరు. అడిగితే గద నేను కాదనేది? ప్రమాణం జేసి కాదంటే వాడు ఇంటడనుకున్న."

ఈమెను కాపాడాననుకుని నిషిత అప్పటిదాకా లోలోపల కాస్త గర్వపడింది. ఆధారం లేదు కాబట్టే అడగలేదని ఒక్క మాట చెబితే చాలు. కానీ కక్షిదారు తనతో చెప్పినది అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఆమె ప్రవీణ్‌కుమార్ వైపు చూసింది.

'ఆపకు' అన్న దానికి 'రియాక్టర్‌ను' అని ఇంకొక్క మాట జోడించి ఉంటే ముత్యమ్మ ఇవాళ అతన్ని నిండా ముంచేది. జోడించలేదు. ప్రవీణ్‌కుమార్ మెట్ల దగ్గర నిలబడ్డ శ్రావణ్‌కుమార్ దగ్గరికి నడిచాడు.

"తమ్మీ, మీ అమ్మను బిస్వాల్ ముచ్చట అడుగుమని పొద్దటిసంది మేడంను సతాయించింది నేనే. ఎవరు చూసిండ్రంటే ఒక్క పేరు చెప్పలేకపోయిన. నేను సూడలే. సూసినోళ్లెవ్వరు లేరు. నా పానం మీదికొచ్చిందని మీ అమ్మను బద్నాం జెయ్యబోయిన."

శ్రావణ్‌కుమార్ పిడికిలి బిగించాడు. కొడతాడేమోనని నిషిత రెండడుగులు ముందుకు వేసింది. అతను ప్రవీణ్‌కుమార్‌ను పక్కకు తప్పించి తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను గూడ అడగకపోతి గద, అమ్మా," అన్నాడు.