బావ కునుకు

నగరపాలక సంస్థ బండ్ల షెడ్డులో డ్రైవర్లందరూ ఆమెను టీచరమ్మ అనేవారు. ఆమె ఏనాడూ పాఠం చెప్పింది లేదు. కంట్రోల్ రూములో తెర ముందు కూర్చుని, బ్రేకు దబాలున తొక్కినవాడికీ, మలుపులో దూకుడుగా తిప్పినవాడికీ ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. చెత్త లారీలకూ, నీళ్ళ ట్యాంకర్లకూ ఆ ఏడాదే కొత్తగా బాక్సులు బిగించారు. బండి ఎంత వేగంగా పోతోందో, ఎక్కడ ఆగిందో బాక్సు చెబుతుంది. దాంతోపాటే అద్దం పక్కన ఒక చిన్న కెమెరా డ్రైవరు ముఖాన్నే చూస్తూ ఉంటుంది. రెప్పలు కాస్త ఎక్కువసేపు మూతపడితే కుయ్యిమని అరుస్తుంది. ఆ వెంటనే టీచరమ్మ తెర మీద ఎర్రగా ఒక అలర్టు వెలుగుతుంది.

డ్రైవర్లు ఆ బాక్సుకు ఆడపడుచు అని పేరు పెట్టారు. "మనం తుమ్మినా దగ్గినా అత్తగారికి మోసేది అదేగా" అని మొదట అన్నవాడు టీచరమ్మ బావే.

బావ అంటే అక్క మొగుడు. నాన్న పోయేనాటికి టీచరమ్మ ఇంకా స్కూల్లో చదువుతోంది. అప్పటి నుంచీ ఆ ఇంటికి పెద్ద దిక్కు బావే. స్కూటరు నేర్పేటప్పుడు వెనకాల పరిగెత్తి పరిగెత్తి, రొప్పుతూ రోడ్డు పక్కన కూలబడి, "నీకు పెళ్ళి చెయ్యడమే తేలిక తల్లీ" అన్న మనిషి. నడిపేది చెత్త లారీయే అయినా, పొద్దున్నే దాన్ని పెళ్ళికొడుకు కారులా తుడిచి గానీ ఎక్కేవాడు కాదు.

అలర్టు వచ్చినప్పుడు ఆ కాసేపటి వీడియో చూసి, నిజమో పొరపాటో తేల్చడం టీచరమ్మ పని. డ్రైవరు చేత్తో ముఖం తుడుచుకున్నా, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నా కెమెరా ఒక్కోసారి మోసపోతుంది. అలాంటప్పుడు 'పొరపాటు' అని నొక్కి మూసేయాలి. నిజమైతే మాత్రం డ్రైవరును దించేసి డాక్టరు దగ్గరికి పంపాలి.

ఒక మధ్యాహ్నం బావ లారీ నుంచి అలర్టు వచ్చింది. వీడియోలో బావ తల మెల్లగా ముందుకు వాలింది. కెమెరా అరవగానే ఉలిక్కిపడి లేచి, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. టీచరమ్మ ఆయన బండి ఆగేదాకా ఉండి ఫోన్ చేసింది.

"బావా, నిద్రపోయావా?"

"నిద్రేంటి? ఎండ కంట్లో కొడితే కళ్ళు చికిలించాను మరదలా. చికిలించడానికీ కునకడానికీ తేడా ఆ పెట్టెకు తెలిసి చస్తేగా."

"తల వాలింది. నేను చూశాను."

బావ గొంతు తగ్గించాడు. "ఈ ఒక్కసారికి వదిలెయ్యమ్మా. డాక్టరు దగ్గరికి పంపితే బీపీ అంటాడు, షుగర్ అంటాడు, స్టీరింగు లాగేసుకుంటారు. ఆ తర్వాత షెడ్డులో ఖాళీ కుర్చీలకు కాపలా కాయాలి నేను. మీ అక్కకు కూడా చెప్పకు. అసలే కంగారు మనిషి."

టీచరమ్మ వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత 'పొరపాటు' నొక్కింది.

ఆ తర్వాత వేలు దానంతటదే అలవాటు పడింది. అలర్టు వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి, "టీ తాగు బావా, ముఖం కడుక్కో" అనేది. ఆయన సరేననేవాడు. తన వంతు చేశానని ఆమె సర్దిచెప్పుకునేది.

ఒక సెలవు రోజున అక్క ఇంటికి భోజనానికి వెళ్ళింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బావ కుర్చీలోనే గురక పెడుతున్నాడు. "విన్నావా ఆ సంగీతం?" అంది అక్క. "పక్కింటివాళ్ళు గోడ మీద కొడుతున్నారే. మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. హమ్మయ్య అనుకునేలోపే ఎద్దు రంకేసినట్టు మళ్ళీ మొదలు." అక్కాచెల్లెళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే టీచరమ్మ బావ ముఖం చూసింది. చెబుదామా అనుకుంది. నోటిదాకా వచ్చిన మాటను మంచినీళ్ళతో కలిపి మింగేసింది.

తర్వాత కొన్నాళ్ళకు అలర్టులు తగ్గాయి. బావ కుదుటపడ్డాడని ఆమె సంతోషించింది.

ఆ రోజు కూడా ఎర్ర అలర్టు ఏదీ రాలేదు. ఒక్కసారిగా బండి గుద్దుకుందన్న హెచ్చరిక మాత్రం వచ్చింది. పట్టపగలు, వాహనాలు పెద్దగా లేని తిన్నని రోడ్డు మీద బావ లారీ పక్కకు ఒరిగి ఫుట్‌పాత్ ఎక్కింది. అక్కడ నీడన చీపురు పక్కన పెట్టుకుని, రోడ్లు ఊడ్చే పెద్దమ్మ కూర్చుని ఉంది. షెడ్డులో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక నుజ్జయింది.

బావకు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రిలో డాక్టరు అక్కను అడిగిన మొదటి మాట, "గురక పెడతాడా?" అక్క చెప్పిందంతా విని ఆయన తలాడించాడు. "నిద్రలో ఊపిరి ఆగిపోతోందమ్మా. రాత్రంతా పడుకున్నా ఒళ్ళు నిద్రపోనట్టే. పడుకునేటప్పుడు ఒక మాస్కు పెట్టుకుంటే సరిపోయేది, బండి కూడా నడుపుకునేవాడు. ముందే ఎవరైనా పంపించాల్సింది."

టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

మర్నాడు షెడ్డు ఆఫీసరు టీచరమ్మను పిలిపించాడు. నెమ్మదస్తుడు, ఎవరినీ కసిరి ఎరగడు. ఆయన నోరు విప్పకముందే ఆమె అడిగింది, "ఆ టైములో కెమెరా ఎందుకు అరవలేదు సార్?"

"అది నా నిర్ణయమేనమ్మా. మన షెడ్డులో పొరపాటు అలర్టులు మరీ ఎక్కువవుతున్నాయని, బాక్సుల కంపెనీవాళ్ళతో చెప్పి కెమెరాలు అంత తొందరగా అరవకుండా సర్దించాను. ఊరికే అరుస్తుంటే డ్రైవర్లు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు కదా."

"బావ బండికేనా?"

"అన్ని బండ్లకూ."

"అవి పొరపాట్లు కావు సార్," అంది. మొదటి కునుకు నుంచి జరిగిందంతా చెప్పింది. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్కడి కోసం అందరికీ కాపలా లేకుండా చేశావు కదమ్మా. నేను మాత్రం ఏం చేశాను, ఒక్క వీడియో అయినా తెరిచి చూడలేదు."

ఆ సాయంత్రమే కెమెరాలను మళ్ళీ ముందులా చేయించాడు. టీచరమ్మను ఫిర్యాదుల కౌంటరుకు మార్చారు. బావ లైసెన్సు పోయింది. విచారణలో ఆయన, "నేను కాళ్ళావేళ్ళా పడితేనే చేసింది. పిల్ల తప్పేం లేదు" అని చెప్పాడట. నింద మొత్తం ఆమె మీదికే తోసేసినా ఇంత నొప్పి ఉండేది కాదు.

అక్క తిట్టలేదు. గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండానే అంది. "నాతో ఒక్క మాట అని ఉంటే, చెవి మెలేసి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేదాన్ని కదే. నేను కంగారు మనిషినే. కానీ చేతకానిదాన్ని కాదు."

బావ ఇప్పుడు మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాడు. ముఖంలో కళ వచ్చింది, పదేళ్ళు తగ్గినట్టున్నాడు. షెడ్డు గేటు దగ్గర కూర్చుని లోపలికొచ్చే బండ్లను చూస్తుంటాడు. టీచరమ్మ కనబడితే నవ్వుతాడు. ఆమె తలూపి ముందుకు సాగిపోతుంది.

ఒక ఆదివారం ఆమె పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. వాకిట్లో మంచం మీద, కాలు చాపి దిండుకు ఆనుకుని, పెద్దమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎవరూ చెప్పకపోయినా టీచరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. కెమెరా సంగతీ, బావ కునుకు సంగతీ, తన వేలు నొక్కిన సంగతీ దాచకుండా చెప్పింది. పెద్దమ్మ చేతిలోని చీరను మడత మీద మడత వేస్తూనే ఉంది.

"ఆ పెట్టె కుయ్యిమని అరిస్తే మీ బావ లేచేవాడా?" అని అడిగింది చివరికి.

"లేచేవాడు. ప్రతిసారీ లేచాడు."

పెద్దమ్మ చీరను ఒళ్ళో పెట్టుకుని, వీధిలోకి చూసింది. "తాగి నడిపాడేమో, నా ఖర్మ ఇంతేనేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. అలా అనుకున్నన్నాళ్ళూ ఏదోలా సర్దుకున్నాను" అంది.

"నన్ను తిట్టు పెద్దమ్మా."

"తిడితే లేచి నడుస్తానా? చెప్పాల్సింది చెప్పావుగా. ఇంక వెళ్ళమ్మా. మళ్ళీ మాత్రం రాకు. నిన్ను చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది."

టీచరమ్మ లేచింది. కింద జారిపడ్డ తువ్వాలు తీసి మంచం మీద పెట్టబోయి, పెద్దమ్మ చెయ్యి చాస్తే ఆ చేతికే ఇచ్చి బయటికి వచ్చింది. మళ్ళీ ఎప్పుడూ ఆ వీధికి వెళ్ళలేదు. పెద్దమ్మ మాట మీద గౌరవంతో వెళ్ళడం లేదో, మళ్ళీ ఆ ముఖం చూసే ధైర్యం లేక వెళ్ళడం లేదో ఆమెకే ఇంకా తేలలేదు.