గట్టి ఊపిరి

చెంచయ్య మిరప చేలో వంగి ఒక పువ్వు తుంచి, అరచేతిలో దులిపాడు. నల్లటి పురుగులు బిలబిలమని పాకాయి. మందు కొట్టించి వారం కూడా కాలేదు. మళ్ళీ కొట్టకపోతే పూత దక్కదు. కూలీలేమో ముందే వేరేవాళ్ళ చేలకు ఒప్పుకొని ఉన్నారు. ఆయనకా, నడుం పట్టేసి నిటారుగా నిలబడటమే గగనంగా ఉంది.

"ఆదివారమేగా, నేను కొడతాలే నాన్నా," అంది శ్రీరమ్య. పదో తరగతి పిల్ల. సాగర్ కాలువ కట్ట మీద పరుగు ముగించుకుని అప్పుడే వచ్చింది.

వద్దనాల్సింది. అనలేదు సరికదా, మురిసిపోయాడు.

మురిపెం ఊరికే రాలేదు. ఆ పిల్ల పరుగు మొదలుపెట్టిన కొత్తలో ఊరు నవ్వింది. "ఆడపిల్లకి లాగులేసి తిప్పుతున్నావేందయ్యా?" అని మొహం మీదే అడిగారు. మొదటి ఏడాది మండల పోటీల్లో చిట్టచివర వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కాలువ కట్ట ఎక్కింది. కాల్లో ముల్లు దిగితే పీకి పారేసి పరుగెత్తింది. ఈ ఏడాది పదిహేను వందల మీటర్ల పందెంలో జిల్లాకే మొదటిది. వచ్చే నెల రాష్ట్ర పోటీలు. దేశం తరఫున పరుగెత్తాలనీ, ఆ తర్వాత తన బడికే పీఈటీగా వచ్చి ఆడపిల్లలకు నేర్పాలనీ ఆమె కోరిక. బడిలో ఆటలు నేర్పే శ్యామ్ సుందర్ మాస్టారు ఒకరోజు అందరి ముందూ, "చెంచయ్య గారూ, మీ అమ్మాయి ఊపిరి చాలా గట్టిదండీ" అన్నారు. ఆ మాట చెంచయ్య టీ కొట్టు దగ్గర చెప్పని రోజు లేదు.

ఆ మాటే కొంప ముంచింది.

శ్రీరమ్య చున్నీతో ముక్కు కట్టుకోబోతుంటే, "అదెందుకే? గుడ్డ కడితే ఊపిరాడక తొందరగా అలిసిపోతావు. నీ ఊపిరికి ఈ మందొక లెక్కా?" అని ఆయనే విప్పించాడు. రెండు మందులు కలిపి, ట్యాంకు కూతురి వీపుకెత్తాడు. మూత కారి వీపంతా తడిసింది. గాలి ఎదురు తిరిగింది. అయినా ఆ పిల్ల, పందెంలో ఆఖరి చుట్టు వదలనట్టే, చివరి సాలు దాకా వదల్లేదు.

అయ్యలారా, ఇది ఒక్క చెంచయ్య తప్పేనా? బలం ఉన్నవాళ్ళ నెత్తినే ముందు బరువు పెట్టడం మనందరికీ అలవాటు.

గట్టుకొచ్చేసరికి ఆమె నోట నురగ. "నాన్నా, కళ్ళు కనపట్టల్లేదు," అంటూనే కూలిపోయింది.

గుంటూరు ఆసుపత్రిలో యంత్రం పెట్టి ఊపిరాడించారు. ప్రాణం నిలిచింది. ఇంటికొచ్చాక, గండం గడిచిందనుకుంటుండగా, పాదాలు పట్టు తప్పాయి. మందు కాళ్ళ నరాలకు పాకిందనీ, నెమ్మదిగా నడక రావచ్చనీ, పరుగు సంగతి మాత్రం చెప్పలేననీ డాక్టరు అన్నాడు. తల్లి వెంకటరావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రాష్ట్ర పోటీల రోజు పొద్దున శ్రీరమ్య కాలువ కట్ట మీదికి తీసుకెళ్ళమంది. చెంచయ్య చేతుల మీద మోసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"ఈపాటికి పందెం మొదలై ఉంటది," అంది.

"నన్ను తిట్టవే అమ్మా. ఒక్క మాటన్నా తిట్టు."

"నా ఊపిరి గట్టిదేగా నాన్నా. అందుకే మందు ఎక్కువ పీల్చుకుంది."

నిందించలేదు, ఉన్నదే చెప్పింది. చెంచయ్య తలపాగా తీసి అందులో మొహం దాచుకున్నాడు.

అంతలో పక్క చేను రైతు కోటేష్ అటుగా వచ్చాడు. వీపున మందు ట్యాంకు, మొహాన గుడ్డ ముక్క కూడా లేదు. పలకరింపుగా, "రేపట్నుంచి మావాడి చేత కొట్టిద్దామనుకుంటన్నా మావా. కబడ్డీ ఆడేవాడుగా, గట్టోడు," అన్నాడు.

చెంచయ్య లేచి అతని వీపు మీది ట్యాంకు పట్టుకుని కిందికి దించాడు. కోటేష్ బిత్తరపోయి చూశాడు.

"ఒరేయ్, గట్టిదనే నా బిడ్డని పంపానురా. విషం గట్టోళ్ళనీ మెత్తనోళ్ళనీ చూడదు. ముక్కుకీ చేతులకీ తొడుగుల్లేకుండా నువ్వు చేలోకి దిగమాకు. నీ బిడ్డని అసలే దింపమాకు. ఈ పంట పోతే మళ్ళీ ఏడు ఇంకో పంట వేసుకుంటాం. నా బిడ్డకి ఇంకో జత కాళ్ళు నేను ఎక్కణ్ణుంచి తెచ్చేదిరా?"